పాటలు పదిలం, పద్దు పోయింది: డీజే హార్డ్ డిస్కులో డేటాబేస్ పాడవకుండా ఏం చేయాలి?

ప్రశ్న: అయ్యా, మాది సింగరాయకొండ. ఏడేళ్లుగా పెళ్లిళ్లకూ చవితి ఊరేగింపులకూ డీజే నడుపుకుంటున్నాను. 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కులో సుమారు 18,000 పాటలు ఉన్నాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ డీజే అనే పాటలు కలిపే సాఫ్ట్‌వేర్ వాడతాను. గత నెల కావలిలో ఒక రిసెప్షన్‌లో కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చేటప్పుడు ల్యాప్‌టాప్ ఆగిపోయింది. మళ్లీ తెరిస్తే డేటాబేస్ పాడైందని చూపించింది. పాటలన్నీ ఫోల్డర్లలో ఉన్నాయి గానీ క్యూ పాయింట్లు (పాటను ఎక్కడి నుంచి అందుకోవాలో పెట్టుకున్న గుర్తులు), బీపీఎంలు (నిమిషానికి ఎన్ని దెబ్బలన్న లెక్క), నేను ఇచ్చుకున్న రంగులు, రేటింగులు అన్నీ పోయాయి. ఏడాదిలో ఇది రెండోసారి. ఒకరు డిస్కు మార్చమంటున్నారు, ఇంకొకరు డిస్కులో ఫైళ్లను అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలోకి ఫార్మాట్ చేయమంటున్నారు. అప్పుడప్పుడు మా బావమరిది మ్యాక్‌బుక్‌కు కూడా ఇదే డిస్కు తగిలిస్తాను కాబట్టి ఇప్పుడది ఎక్స్‌ఫ్యాట్ అనే మరో పద్ధతిలో ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే డిస్కు కంటే ముందు అనుమానించవలసింది మీ ల్యాప్‌టాప్ బ్యాటరీని. పోర్టబుల్ హార్డ్ డిస్కుకు విద్యుత్తు గోడ ప్లగ్గు నుంచి రాదు, ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి వస్తుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నంతసేపూ కరెంటు పోయినా, జనరేటర్ అందుకోవడానికి అర నిమిషం పట్టినా డిస్కుకు ఆ సంగతే తెలియకూడదు. మార్చే వేళకు ల్యాప్‌టాప్ ఆగిపోయిందంటే అది అడాప్టర్ మీదే బతుకుతోందని అర్థం. ఇంట్లో డిస్కు తగిలించకుండా, సాఫ్ట్‌వేర్‌లో రెండు పాటలు నడుస్తుండగా చార్జర్ తీసి చూడండి. అర గంటైనా నిలవకపోతే మీరు ముందుగా కొనవలసింది బ్యాటరీ. ఎంత మంచి డిస్కు తెచ్చినా ఈ లోపాన్ని అది పూడ్చలేదు.

అసలు ఏం జరిగిందో తెలిస్తే మిగిలిన జాగ్రత్తలన్నీ మీకే తడతాయి. పెళ్లిలో చదివింపులు రాసే పుస్తకాన్ని తలచుకోండి. వచ్చిన కానుకలు గదిలో పదిలంగానే ఉంటాయి. ఎవరు ఏమిచ్చారన్నది మాత్రం ఆ పుస్తకంలోనే ఉంటుంది. రాసేవాడు పాత పుస్తకం పక్కన పెట్టి కొత్తదానిలోకి సాపు చేస్తుండగా దీపాలు పోయి, సగం పేజీ దగ్గర కలం ఆగిపోతే, కానుకలకు ఏమీ కాదు గానీ లెక్క తేలదు. మీ పాటల ఫైళ్లు కానుకల వంటివి, సాఫ్ట్‌వేర్ వాటిని చదువుతుందే తప్ప దాదాపుగా వాటిలో ఏమీ రాయదు. డేటాబేస్ చదివింపుల పుస్తకం. వర్చువల్ డీజే ఒక్కొక్క డ్రైవుకు ఒక్కొక్క డేటాబేస్ పెట్టుకుంటుంది. మీ బయటి డిస్కులోని పాటల వివరాలు ఆ డిస్కులోనే, వర్చువల్ డీజే అన్న పేరున్న ఫోల్డర్‌లో, డేటాబేస్.ఎక్స్‌ఎంఎల్ అనే ఒకే ఒక ఫైలులో ఉంటాయి. అది అక్షరాల ఫైలు. మధ్యలో ఒక పాట వివరం మారినా సామాన్యంగా ఫైలంతా మళ్లీ రాయవలసి ఉంటుంది. ఆ రాతలో సగానికి విద్యుత్తు పోయినా, కేబుల్ ఊడినా, చివరి ముగింపు గుర్తు లేని ఫైలు మిగులుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్ చదవలేదు, చదవలేనిదాన్ని పాడైందని చెబుతుంది.

అందుచేత మీ దగ్గరున్న పాడైన ఫైలును అప్పుడే పారేయకండి. సరిచేయమంటారా అని సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు గాభరాలో ఏదో ఒకటి నొక్కడానికి ముందు, దాన్ని మూసి, ఆ ఫోల్డర్ మొత్తాన్ని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవాలి. తరువాత ల్యాప్‌టాప్‌లో వర్చువల్ డీజే సొంత ఫోల్డర్‌లో బ్యాకప్ అనే ఉపఫోల్డర్ ఉందేమో చూడండి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను తేదీలు వేసి జిప్ చేసిన పాత డేటాబేసులు అక్కడ ఉండవచ్చు. చాలామంది ఆపరేటర్లకు ఆ ఫోల్డర్ ఉన్నట్లే తెలియక నెలల కష్టాన్ని మళ్లీ చేసుకుంటారు. అదీ లేకపోతే పాడైన ఫైలు కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అక్షరాలు కనిపిస్తూ చివర మాత్రం ఒక పాట వివరం మధ్యలో తెగిపోయి ఉంటే, ఆ సగం వివరాన్ని తుడిచి, ఫైలు మొదట్లో < > గుర్తుల మధ్య తెరిచిన ట్యాగుకు సరిపోయే ముగింపు ట్యాగు చివర చేరిస్తే మిగిలిన పాటల వివరాలు తిరిగి రావచ్చు. అక్షరాలకు బదులు అంతా ఖాళీగా ఉంటే ఆశ వదులుకోవాలి. ఫైలు పొడవు నమోదైంది గానీ లోపలి సమాచారం డిస్కు మీదికి చేరలేదని దాని అర్థం.

ఇక మీరు అడిగిన ఫార్మాట్ సంగతి. ఎక్స్‌ఫ్యాట్‌ను మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. పెన్‌డ్రైవులకూ కెమెరా కార్డులకూ ఉద్దేశించిన తేలికపాటి పద్ధతి అది. చేయబోయే మార్పును ముందుగా చిట్టాలో రాసుకుని తరువాత అమలు చేసే ఏర్పాటు దానిలో లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఆ చిట్టా ఉంది కాబట్టి మధ్యలో విద్యుత్తు పోయినా ఏ ఫైలు ఎక్కడుందన్న పట్టిక చెదిరిపోయే ప్రమాదం తగ్గుతుంది. మీకు సలహా ఇచ్చినవారు చెప్పింది అంతవరకు సరైనదే. అయితే ఆ చిట్టా కాపాడేది పట్టికనే గాని ఫైలు లోపలి సరుకును కాదు; సగం రాసిన డేటాబేస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో కూడా సగం రాసినదిగానే మిగులుతుంది. ఫార్మాట్ మార్చాను, ఇక నాకేం భయం అనుకుంటే మూడోసారి కూడా ఇదే జరుగుతుంది.

మ్యాక్‌బుక్ వల్ల వచ్చే చిక్కు వేరు. మ్యాక్ తనంతట తాను ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును చదువుతుంది గానీ దానిలో రాయలేదు. నా మాట వింటే మీ ప్రధాన డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసి మీ ల్యాప్‌టాప్‌కే కట్టిపెట్టండి. బావమరిదిగారి మ్యాక్‌బుక్‌కు కావలసిన పాటలను వేరే ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవులో కాపీ చేసి ఇవ్వండి. ఒకే డిస్కు రెండు యంత్రాల చేతుల్లో పడితే, రెండింటిలో సాఫ్ట్‌వేర్ వెర్షన్లు వేరుగా ఉన్నప్పుడు కొత్త వెర్షన్ మార్చిన డేటాబేసును పాతది తెరవలేకపోవడం కూడా జరుగుతుంది. ఒకటి మరచిపోకండి: ఎక్స్‌ఫ్యాట్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఉన్నది ఉన్నట్లుగా మార్చే వీలు విండోస్‌లో లేదు. పాటలన్నీ మరో చోటికి కాపీ చేసి, ఒక పది పాటలు వినిపించి చూసుకున్న తరువాతనే ఫార్మాట్ చేయాలి.

నా అనుభవంలో డేటాబేసులు ఎక్కువగా పాడయ్యేది పాట నడుస్తున్నప్పుడు కాదు, పెట్టెలు సర్దేటప్పుడు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పది దాటాక పోలీసులు వచ్చి ఆపమనగానే ఎవరో ఒకరు మెయిన్ తీసేస్తారు, ఇంకొకరు టేబుల్ మీది కేబుళ్లు లాగేస్తారు, ఆపరేటర్ ల్యాప్‌టాప్ మూత వేసి చంకన పెట్టుకుంటాడు. వర్చువల్ డీజే వంటి సాఫ్ట్‌వేర్లు ఆ రాత్రి మార్పులను ముఖ్యంగా తమను మూసే సమయంలోనే డేటాబేసులో రాస్తాయి. అంటే ఏ క్షణంలో డిస్కును ముట్టుకోకూడదో సరిగ్గా ఆ క్షణంలోనే అందరి చేతులూ దాని మీద ఉంటాయి. ఒకప్పుడు మా మేనల్లుడి సౌండ్ సర్వీసుకు తోడుగా వెళ్లి, నెల్లూరులో ఒక కల్యాణ మండపంలో వైర్లు చుట్టే కుర్రాడికి తొందరపెట్టి నేనే డిస్కు కేబుల్ పీకించాను. ఆ కుర్రాడిని తిట్టాం గానీ తప్పు నాది.

కాబట్టి ఒక వరుస పెట్టుకుని, మీ సహాయకుడికి కూడా అదే నేర్పండి. మొదట పాట ఆపి మిక్సర్‌లో వాల్యూమ్ దించాలి. తరువాత సాఫ్ట్‌వేర్‌ను మూసి, డిస్కు మీది చిన్న లైటు మినుకుమినుకుమనడం మానేదాకా ఆగాలి. అప్పుడు గడియారం పక్కనున్న గుర్తు మీద నొక్కి సేఫ్లీ రిమూవ్ ఇవ్వాలి, తీయవచ్చునని చెప్పిన తరువాతనే కేబుల్ ముట్టుకోవాలి. డిస్కు ఇంకా వాడుకలో ఉందని చెబితే బలవంతంగా లాగకుండా ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి తీయండి. పోలీసులకు కావలసింది శబ్దం ఆగడం. మిక్సర్ దించితే ఆ పని అయిపోతుంది, మిగిలిన రెండు నిమిషాలు ఎవరూ కాదనరు. ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రలోకి పోకుండా పవర్ సెట్టింగుల్లో ఏమీ చేయవద్దు అనే ఎంపిక పెట్టుకోండి. యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే మరో సెట్టింగు ఉంటుంది, దాన్ని కూడా ఆపివేయాలి. విద్యుత్తు పొదుపు పేరుతో అది డిస్కును మధ్యలో నిద్రపుచ్చవచ్చు.

సేఫ్లీ రిమూవ్ అవసరం లేదని మీతో ఎవరైనా వాదించవచ్చు. విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి బయటి డిస్కులకు క్విక్ రిమూవల్ అనే పద్ధతే ముందుగా అమర్చి వస్తున్నది నిజమే. రాయవలసినదాన్ని మెమరీలో దాచిపెట్టుకోకుండా వెంటనే డిస్కు మీదికి పంపడం దాని పని. డివైస్ మేనేజర్‌లో మీ డిస్కు పాలసీలలో అదే ఉందో లేదో చూసుకోండి, ఉంటే మార్చకండి. కానీ సాఫ్ట్‌వేర్ ఇంకా రాస్తూనే ఉన్నప్పుడు కేబుల్ తీస్తే ఏ పాలసీ కూడా కాపాడదు.

కేబుల్ విషయంలో మన జిల్లాల పరిస్థితి కూడా చెప్పాలి. చాలా పోర్టబుల్ హార్డ్ డిస్కులకు వెడల్పుగా, రెండు భాగాలుగా కనిపించే యూఎస్‌బీ 3.0 పిన్ ఉంటుంది. అది పట్టు తక్కువైన పిన్. పాకల తీరం పక్కనున్న మీ ఊళ్లో ఉప్పు గాలికి దాని లోహపు అంచులు నల్లబడతాయి, చీమకుర్తి వైపు వెళితే గ్రానైట్ దుమ్ము లోపల చేరుతుంది. పైగా డీజే బండి మీద బేస్ మోతకు ప్రతి దెబ్బకూ పిన్ వదులవుతుంది. ఒక్క క్షణం సంబంధం తెగి మళ్లీ కలిస్తే పాట ఆగకపోవచ్చు, మీకు తెలియకనే పోవచ్చు. పొట్టి కేబుల్ వాడండి, ఏడాదికొకసారి మార్చండి, డిస్కునూ కేబుల్‌నూ కలిపి ల్యాప్‌టాప్ స్టాండుకు వెల్క్రో పట్టీతో కట్టండి. డిస్కును హబ్‌కు కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వడానికి ఉద్దేశించినవి. ఒకే హబ్ మీద కంట్రోలర్, సౌండ్ కార్డు, లైట్ల డాంగిల్, హార్డ్ డిస్కు నాలుగూ వేలాడితే, హార్డ్ డిస్కు లోపలి పళ్లేలు తిరగడం మొదలయ్యే క్షణంలో డిస్కుకు శక్తి చాలదు. కంట్రోలర్‌కు అడాప్టర్ వచ్చి ఉంటే దాన్ని ఇంట్లో పెట్టి రాకండి.

డిస్కు రకం గురించి నా అభిప్రాయం కాస్త కఠినమైనది. హార్డ్ డిస్కులో పళ్లెం తిరుగుతుంటే దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తున తల తేలుతూ చదువుతుంది. అటువంటి వస్తువును బేస్ బాక్సు మీద పెట్టి, ఆ బాక్సును ట్రాక్టరు ట్రాలీ మీద పెట్టి, ఆ ట్రాలీని నిమజ్జనానికి గుంతల రోడ్డు మీద నడిపించడం దాని మీద జరిగే దౌర్జన్యమే. ఎండలు వేరే ఉన్నాయి. పోర్టబుల్ హార్డ్ డిస్కులకు కంపెనీలు సాధారణంగా 35 డిగ్రీల దాకా అని రాస్తాయి, రోహిణి కార్తెలో ఒంగోలులో నీడలోనే అంతకు మించుతుంది. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీకి కదలిక బాధ లేదు. మీరు 1 టీబీ కూడా కొననక్కరలేదు: 320 కేబీపీఎస్ నాణ్యతలో నాలుగు నిమిషాల పాట సుమారు 9.6 ఎంబీ ఉంటుంది, 18,000 పాటలకు 173 జీబీ దాటదు. 500 జీబీ ఎస్ఎస్‌డీ మీకు చాలు. పాత హార్డ్ డిస్కును ఇంట్లో పాటల కాపీ దాచుకోవడానికి వాడుకోవచ్చు, కానీ దాని ఆరోగ్యం చూసిన తరువాతనే.

ఆ ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో 05, సీ5 అనే సంఖ్యల ఎదుట ఉన్న ముడి విలువలు సున్నా కాకుండా పెరుగుతుంటే డిస్కు పళ్లెం పాడవుతోందని అర్థం, దాన్ని నమ్మకండి. అవి సున్నాగా ఉండి సీ7 ఒక్కటే పెరుగుతుంటే తప్పు పళ్లేనిది కాదు, డిస్కు నుంచి సమాచారం బయటికి వచ్చే దారిది. మీరు అడిగిన డిస్కు మార్చాలా అన్న ప్రశ్నకు నేను ఇక్కడి నుంచి చెప్పగల జవాబు కంటే ఆ మూడు సంఖ్యలు చెప్పేదే నికరం. తరువాత విండోస్‌లోని చెక్‌డిస్క్ అనే పరీక్ష నడపవచ్చు, కానీ పాటలు మరో చోటికి కాపీ అయిన తరువాతనే. జబ్బుపడిన డిస్కు మీద చెడ్డ సెక్టార్లు వెతికే పూర్తి పరీక్ష గంటల తరబడి సాగి ఉన్న ప్రాణాన్ని కూడా తీయవచ్చు.

పాటలు కనిపించకపోవడాన్నీ డేటాబేస్ పాడవడాన్నీ కలిపేసుకోకండి. నిన్న ‘ఇ’ (E) డ్రైవుగా ఉన్న డిస్కు నేడు మరో పెన్‌డ్రైవు ముందుగా తగిలించినందువల్ల ‘ఎఫ్’ (F) డ్రైవు అయితే, సాఫ్ట్‌వేర్ పాత చిరునామాలో వెతికి పాటలు లేవనవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మీ డిస్కుకు ‘ఎం’ (M) వంటి దూరపు అక్షరం ఒకటి ఖాయం చేస్తే ఆ గొడవ తీరుతుంది.

పెళ్లివారి తరఫు కుర్రాళ్లు పెన్‌డ్రైవు తెచ్చి, ఈ ఒక్క పాట వేయన్నా అంటారు. కాదనలేం. ఆ పాటను బయటి డిస్కులోకి కాపీ చేయకుండా ల్యాప్‌టాప్‌లో ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో వేసి వినిపించండి, వైరస్ పరీక్షా బీపీఎం లెక్కా ఇంటికి వెళ్లాక చూసుకోవచ్చు. యాంటీవైరస్ ఫంక్షన్ మధ్యలో డిస్కు మొత్తాన్ని తనిఖీ చేయకుండా సమయం మార్చండి. డేటాబేస్ ఉన్న ఫోల్డరును ఫైళ్లను తమంతట తామే ఇంటర్నెట్‌లోకి కాపీ చేసే వన్‌డ్రైవ్ వంటి సింక్ ఫోల్డర్లలో నేరుగా ఉంచకండి. సాఫ్ట్‌వేర్ రాస్తున్న ఫైలునే అదీ పట్టుకుంటే రెండు వేరువేరు ప్రతులు తయారవుతాయి.

వేరే సాఫ్ట్‌వేర్ వాడే మీ మిత్రులకు రెండు మాటలు. సెరాటో తన జాబితాలను ప్రతి బయటి డిస్కులోనూ సెరాటో పేరున్న ఫోల్డర్‌లో పెట్టినా, క్యూ పాయింట్లను పాట ఫైలులోనే రాస్తుంది; కాబట్టి అది వాడేవారు పాటలకు కూడా ప్రతి ఉంచుకోవాలి. రెకార్డ్‌బాక్స్ 6 నుంచి ప్రధాన డేటాబేస్ మాస్టర్.డీబీ అనే ఫైలులో ఉంటుంది, దాని పక్కనే అదే పేరుతో మొదలయ్యే చిన్న తాత్కాలిక ఫైళ్లు కనిపించవచ్చు. ఇంకా అసలు ఫైలులో కలవని మార్పులు వాటిలో ఉంటాయి గనుక చెత్త అనుకుని తుడిచివేయరాదు, సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా ఆ ఫైలును కాపీ చేయనూరాదు.

చివరికి ప్రతుల సంగతి. ఇన్ని జాగ్రత్తలు పడినా ఏదో ఒక రాత్రి డేటాబేస్ పోతుంది, అప్పుడు మిమ్మల్ని నిలబెట్టేది నిన్నటి ప్రతి. మీ డేటాబేస్ కొన్ని పదుల ఎంబీలకు మించదు, కాపీకి నిమిషం పట్టదు. ప్రతి ఫంక్షన్ నుంచి ఇంటికి వచ్చాక, సాఫ్ట్‌వేర్ మూసి ఉండగా, డిస్కులోని వర్చువల్ డీజే ఫోల్డర్ మొత్తాన్ని ఆనాటి తేదీ పేరు పెట్టిన కొత్త ఫోల్డర్‌లోకి, ఒకసారి ల్యాప్‌టాప్‌లోనూ ఒకసారి ఇంట్లో ఉండే పెన్‌డ్రైవులోనూ కాపీ చేయండి. ఒక్క ఫైలును కాక ఫోల్డర్ మొత్తాన్ని ఎందుకంటే, ప్లేలిస్టుల వంటివి అందులో విడి ఫైళ్లుగా ఉండవచ్చు. పాతదాని మీద కొత్తది రాయవద్దు. పాడైన ఫైలును తెలియక బాగున్న ప్రతి మీదికి ఎక్కించుకుని రెండూ పోగొట్టుకున్నవారిని చూశాను. చివరి పది తేదీలు ఉంచి అంతకు ముందువి తీసేస్తే చాలు. పాటలకు మాత్రం నెలకొక ప్రతి సరిపోతుంది. వీటితోపాటు రిసెప్షన్, మెహందీ, ఊరేగింపు అని మూడు ఫోల్డర్లుగా ఓ రెండు వందల పాటలు వేసిన పెన్‌డ్రైవు ఒకటి మీ జేబులో ఉండాలి. డేటాబేస్ లేకపోయినా అవి మోగుతాయి, కావలిలో ఆ రాత్రి మీకు కావలసింది అదే.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, మీకు తీరిక దొరికే నెల అదే. అప్పుడు డిస్కులోని వర్చువల్ డీజే ఫోల్డర్ పేరు మార్చి, మీ ప్రతుల్లో ఒకదాన్ని ఆ స్థానంలో పెట్టి, సాఫ్ట్‌వేర్ తెరిచి, నాలుగైదు పాటల్లో క్యూ పాయింట్లు ఉన్నాయో లేవో చూడండి. ఆ ప్రతి పనిచేయకపోతే శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోగా కారణం వెతికి సరిచేసుకోవడానికి మీకు సమయం ఉంటుంది.